మార్గరెట్టమ్మ ప్రార్థనలో నా పేరు

ఆదివారం మందిరంలో ఏం జరిగిందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే నా నోటితోనే వినండి, మిగతావాళ్ళు కొంచెం పెంచి చెబుతున్నారు. నేనెప్పుడూ పెంచను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, అంతే. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నేను బట్టలు కుట్టుకునే మస్తాన్‌బీని. బోగోలు దాటి సముద్రం వైపు వస్తే సరుగుడు తోపు పక్కన మా ఊరు. ఇక్కడ క్రైస్తవ మిషన్ వాళ్ళు పేద పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పి, అన్నం పెట్టి, పుస్తకాలిస్తారు. ఆ పిల్లల యూనిఫాంలు నేనే కుడతాను. ఒక్కో బిడ్డకీ విదేశంలో ఒక స్పాన్సర్ ఉంటారు. బిడ్డ ఉత్తరం రాస్తే కావలి ఆఫీసులో ఒక సార్ ఇంగ్లీషులోకి మారుస్తాడు. జవాబు వస్తే దాన్ని తెలుగు చేసి పంపుతాడు. పాస్టరు గారు ఆదివారం అందరి ముందూ చదువుతారు. అందులో ఒక్కో ప్రార్థనా వినగానే జనం "ఆమేన్" అంటారు.

కెజియాకు మాత్రం తన స్పాన్సర్ మార్గరెట్టమ్మ నుంచి ఏడాదిగా జవాబు లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, తల్లి లేదు, చేపలు ఎండబెట్టే అవ్వ దగ్గర ఉంటుంది. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది. తన పేరు రాకపోతే తల వంచుకుని చాప పుల్లలు పీకుతుంది.

ఒక మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. బయట వలలు ఆరుతున్నాయి. గాలికి తోపంతా హోరుమంటుంటే ఏది సముద్రమో, ఏది చెట్లో తెలియడం లేదు.

"అక్కా, మార్గరెట్టమ్మకు నేనంటే ఇష్టం లేదేమో."

"ఇన్నాళ్ళూ ఏం రాసినావు?"

"నేను బాగున్నాను. మీరు బాగున్నారా. బాగా చదువుతున్నాను."

"అది ఉత్తరమా మే? హాజరు పట్టీ!"

"అక్కడ మంచు పడతదంటక్కా. ఆమె కిటికీ కాడ ఒక్కతే కూర్చోనుంటదేమో."

ఇద్దరం కాసేపు ఆ కిటికీనే చూస్తూ కూర్చున్నాం. నేను మంచు ఎరగను. నా కళ్ళకు దిండ్లు కుట్టేటప్పుడు లేచే దూదిలా మెల్లగా రాలింది. పాపం, ఆమెకు ఊరి కబుర్లు చెప్పేదెవరు?

"రాసుకో. ఉన్నది ఉన్నట్టు రాయాల!" అన్నాను.

నేను చెప్పాను, పిల్ల రాసింది. చెబుతూ చెబుతూ గాలికి నాకు కునుకు పట్టింది. లేచేసరికి కాగితాలు మడిచి బుద్ధిగా కూర్చోనుంది. పాస్టరు గారు పై పేజీ చూసి సంతకం పెట్టారు. పై పేజీలో అందరూ బాగున్నారు.

జవాబొచ్చింది. నాలుగు పేజీలు! కెజియా నన్ను మందిరం దాకా లాక్కెళ్ళింది. గుమ్మం దగ్గర చెప్పుల మధ్య నిలబడ్డాను. పాస్టరు గారు చదవడం మొదలుపెట్టారు.

"'ప్రియమైన కెజియా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకిలాంటి ఉత్తరం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.'"

కెజియా చాప పుల్ల వదిలేసింది.

"'మీ ఊరి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. వంజరం చేప ముక్కలు కోడలికి కనపడకుండా బియ్యం డబ్బాలో దాచే రమణమ్మ కోసం.'"

ఆమేన్ లేదు. రమణమ్మ కోడలు మెల్లగా తల తిప్పి అత్తను చూసింది.

"'బీడీ మానేశానని భార్య మీద ఒట్టేసి, పడవ చాటున కాల్చే పోలయ్య కోసం.'"

పోలయ్య భార్య లేచి నిలబడింది.

పాస్టరు గారు ఆపేద్దామని తలెత్తారు. ముందు వరసలో కెజియా నోరు తెరుచుకుని వింటోంది. మళ్ళీ తల దించుకున్నారు.

"'ఓర్పు మీద గంటసేపు ప్రసంగించి, బయటికి రాగానే స్కూటరును తిట్టే మీ...'" అని దగ్గారు.

"చదవండయ్యా, బాగుంది!" అన్నాడు పోలయ్య.

ఒక్కొక్క తలా నా వైపు తిరగసాగింది. నేను చెప్పుల్లో నా చెప్పులు వెతుక్కుంటున్నాను. ఒకటే దొరికింది.

"'చివరగా, టైలర్ మస్తాన్‌బీ కోసం.'"

ఆగిపోయాను. నా పేరు సముద్రాలు దాటి, ఆ మంచులో, ఆ కిటికీ పక్కన! నిజం చెప్పొద్దూ, కళ్ళు తడిశాయి.

"'కబుర్లలో పడి ఆమె కొలతలు మర్చిపోతుందనీ, నీ యూనిఫాంకు ఒక చెయ్యి పొడుగనీ, ఊళ్ళో ఎవరి జాకెట్టూ సరిపోదనీ రాశావు. ఆమె జ్ఞాపకశక్తి కోసం...'"

"ఆమేన్!"

మందిరం అదిరింది. పోలయ్య రెండుసార్లు అన్నాడు.

బయట కెజియాను పట్టుకున్నాను. "ఎందుకు రాసినావు మే?"

"నువ్వే కదక్కా ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు?"

నాలుగు పేజీలూ మడిచి యూనిఫాం పొడుగు చేతి మడతలో దాచుకుంది. చక్కగా పట్టాయి. ఆ చెయ్యి కత్తిరిస్తానంటే వద్దంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు తోపు హోరులో ఆ కిటికీ కనిపిస్తుంది. దూది రాలుతుంటుంది. ఒక ముసలామె కళ్ళు మూసుకుని నా టేపు అటు కొస పట్టుకుని ఉంటుంది. నేను ఇటు కొస పట్టుకుని, నోరు మూసుకుని కొలుస్తున్నాను.

నిన్న రమణమ్మ కోడలి జాకెట్టు అతికినట్టు సరిపోయింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, చేతులు జోడించి అంది: "ఎంత మహాతల్లో అక్కా, ఆ మార్గరెట్టమ్మ!"