సార్ క్లోజప్

మా సార్ పోయిండ్రని ఫోన్ వచ్చినప్పుడు నేను మొయినాబాద్‌ల ఒక ఫంక్షన్ హాల్‌ల పెండ్లి షూట్ చేస్తున్న. సార్ బిడ్డ ఒక్క మాటే అన్నది. "అక్కా, బాపు పోయిండు." అప్పుడే జీలకర్ర బెల్లం పెడుతున్నరు. ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె? తలంబ్రాలయ్యేదాక తీసిన. ఫోకస్ పోయిందో, నా కండ్లే మసకైనయో తెల్వలే.

సార్ చేవెళ్ల కాలేజీల మాకు తెలుగు చెప్పిండ్రు. కానీ ఆయన పానమంత నాటకాలు, సినిమాల మీదనే ఉండేది. శనివారం మధ్యాహ్నం పుస్తకం పక్కకు పెట్టి, ఇంటి నుంచి చిన్న కెమెరా తెచ్చేటోళ్లు. ఒకసారి ఆలూరు నుంచి వచ్చే నా దోస్తును కుర్చీల కూసోబెట్టి, "ఏం చెయ్యకు, ఊకె చూడు" అన్నరు. ఆమె మొహం తీసిండ్రు. తర్వాత ఒక ఖాళీ కంచం, ఊయలల ఒక పసిపిల్ల. మొహం షాట్ తర్వాత కంచం షాట్ అతికించి చూపిస్తే "ఆకలైతున్నది" అన్నం. అదే మొహం తర్వాత పసిపిల్లను చూపిస్తే "ఎంత ప్రేమనో!" అన్నం.

సార్ పకపక నవ్విండ్రు. "ఆమె ఏం చెయ్యలే. రెండు షాట్ల నడుమ మీరే నింపుకున్నరు."

అట్లని నటన అక్కరలేదని కాదు. కాలేజీ వార్షికోత్సవంల ఆయన తండ్రి వేషం కట్టిండ్రు. కొడుకు చనిపోయిండన్న కబురు ఇంటరు. ఏడ్వలే. భుజం మీది తువ్వాల తీసి మడత పెట్టుడు మొదలువెట్టిండ్రు. మడత సక్కగ రాదు. మళ్ల ఇప్పుతరు, మళ్ల పెడుతరు. నాకు కెమెరా పట్టుడు నేర్పింది కూడ ఆయనే. "ఏడ్చేటోళ్ల మీదికి ఉరకకు బిడ్డా. జర దూరం నిలబడు" అనేటోళ్లు. అప్పగింతల టైంల ఇప్పటికీ రెండడుగులు ఎనుకకే ఉంట.

అసొంటి సార్‌కు నరాల జబ్బు వచ్చింది. మొదలు చేతులు వణికినయ్. తర్వాత మొహం బిగుసుకపోయింది. రెప్ప కొట్టుడు తప్ప ఏం కదలకపోయేది. చూడవచ్చిన చుట్టాలు "మొహం గోడ లెక్క పెట్టుకున్నడు, మేం వచ్చుడు ఇష్టం లేదేమో" అనుకుంట పోయేటోళ్లు. రాను రాను వచ్చుడే బందైంది. నేను మా ఊరు సురంగల్ నుంచి పోయి, పాత ముచ్చట్లు చెప్పి నవ్వియ్యాలని చూసేదాన్ని. ఒకనాడు మెల్లగ, ముద్దముద్దగ అన్నరు. "లోపల నవ్వుతున్న బిడ్డా. బయటికి వస్తలేదు."

నాకేం చెయ్యాల్నో తెల్వలే. దవాఖానలే ఏం చెయ్యలేకపోయినయ్.

మాట పూర్తిగ పోకముందే "నన్ను ఒక షాట్ తియ్యి" అన్నరు. కిటికీ పక్కన కూసోబెట్టి, ఎలుగు ఒక చెంప మీద పడేటట్టు పెట్టి తీసిన. సార్ భార్యను మేం అమ్మ అంటం. అమ్మ ఆయన చొక్కా గుండీలు పెట్టుడు ఇంకో షాట్ తీసి, రెండూ కలిపిన. కాలేజీల తెర మీద ఏస్తే మంది కండ్లు తుడుచుకున్నరు. "ఏం నటించిండ్రు సార్! భార్య మీద ఎంత ప్రేమ ఉన్నది ఆ చూపుల!" అన్నరు.

చక్రాల కుర్చీల సార్ అట్లనే చూస్తున్నరు. దగ్గరికి పోయి అడిగిన. "సార్, ఆ టైంల మీరు నిజంగ ఏం అనుకున్నరు?"

పెదవులు జర కదిలినయ్. చెవి పెట్టిన. ఊపిరి తప్ప ఏం ఇనరాలే. మళ్ల అడిగిన. మళ్ల అంతే. ఆయన చెప్తనే ఉన్నరు, నాకు అందుతలేదు. మందికి సమజైందన్నది నేను అతికించిన అర్థం. ఆయనది ఆయన దగ్గరనే ఉండిపోయింది.

పెండ్లి షూట్ అయినంక చేవెళ్ల పోయేసరికి సార్‌ను వాకిట్ల పండుకోబెట్టిండ్రు. మొహం బతికున్నప్పటి లెక్కనే ఉన్నది. బిడ్డ నా చెయ్యి పట్టుకొని "అక్కా, నువ్వే తీసినవు గద. బాపు మనసుల ఏమున్నదో నీకైనా ఎరుకేనా?" అని అడిగింది. తల అడ్డంగ ఊపిన.

అమ్మ గోడకు ఒరిగి కూసున్నది. చేతిల ఫోన్. ఆ షాటే ఆపి పెట్టింది. రెండు వేళ్లతోని సార్ మొహాన్ని పెద్దగ చేస్తున్నది. కండ్లు తెర నిండినయ్. ఇంకా పెద్దగ చేసింది. కండ్లు పోయి, బూడిద రంగు గడులు మిగిలినయ్. అమ్మ వేళ్లు ఆగలే.