ఎన్ని పిల్లలు

పై వాటాలో ఉండే ఆయమ్మ పిల్లల్ని అమ్ముతుందట. అదీ కళ్ళు తెరవకముందే.

ఈ మాట కుళాయి దగ్గర పుట్టింది. ఆయమ్మ కానుపుల వార్డులో ఆయాగా ఏళ్ళ తరబడి పనిచేసి మానేసిన మనిషి. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు కేకలేసి అలవాటైన గొంతు కాబట్టి, ఫోనులో గుసగుసలాడినా కింది వాటాకు వినబడుతుంది. "రేపటికి పదిమంది పిల్లలు సిద్ధం, ఒంటి మీద ఇంకా నూగు కూడా రాలేదు, వేడి తగ్గకుండా తీసుకెళ్ళు" అని ఆవిడ ఎవరితోనో అంటుంటే ఇస్త్రీ ఆయన భార్య విందట. ఆవిడ చెవిన పడిన మాటకు కాళ్ళొస్తాయి. సాయంత్రానికల్లా అది వీధి చివరి మందుల షాపుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. తలకు పెట్టుకున్న హెల్మెట్ తియ్యకుండానే ఒకాయన బైకు మీద రావడం, మూతకు చిల్లులున్న డబ్బా పట్టుకుపోవడం అందరూ చూసిందే. నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

మెట్ల కింద దర్జీ కొట్టు ఉంది. దర్జీకి చూపు మందగించాక కూతురు బడి మానేసి కాజాలు కుట్టడానికి కూర్చుంది. అప్పటి నుంచి ఆ అమ్మాయి అందరికీ కాజాల పిల్లే. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి మాటలు రావని నవ్వేవాళ్ళు. మాటలు రాకపోవచ్చుగానీ, చెవులు మాత్రం పాము చెవులు.

పుకారు విన్న రోజు నుంచి ఆమెకు కాజా ఒక్కటీ తిన్నగా పడలేదు. అన్నీ చూస్తే నిజమేననిపించేది. ఆయమ్మ తరచు కొట్టుకొచ్చి గుడ్డ పీలికలు అడిగి పట్టుకుపోయేది. "దారాలు వేలాడకుండా కత్తిరించమ్మా, కాళ్ళకు చుట్టుకుంటాయి" అనేది. ఎవరి కాళ్ళకో ఎప్పుడూ చెప్పలేదు.

అయితే ఒక్కటి మాత్రం ఎటూ అతకలేదు. ఎదురింట్లో ఒక్క పసివాడు పుడితేనే వీధంతటికీ నిద్ర లేదు. పదిమంది ఉన్న గదిలోంచి ఏడుపే వినబడకపోవడమేమిటి? మిషను ఆపి చెవి ఒగ్గితే, పైన చాటలో గింజలు దొర్లుతున్నట్టు సన్నటి చప్పుడు మాత్రం వచ్చేది.

తర్వాతిసారి ఆయమ్మ ఫోనులో మాట్లాడుతూ మెట్లెక్కుతుంటే ఆమె సూది ఆపి విన్నది. "ఎన్ని కావాలి? ఎనిమిదా? ఎనిమిది పిల్లలున్నాయిలే."

కాజాల పిల్ల వేలికి సూది గుచ్చుకుంది.

ఆ వారంలోనే, వాటాలు అద్దెకిచ్చిన ఇంటావిడ మధ్య వాటా నుంచి దిగి వచ్చింది. వెనక ఇస్త్రీ ఆయన భార్య, ఇంకో ఇద్దరు. ఆయమ్మ ఆ పూటే గది ఖాళీ చెయ్యాలని, లేకపోతే పోలీసులని పిలుస్తానని ఇంటావిడ తేల్చేసింది. ఆయమ్మకు ఆ గది తప్ప దిక్కు లేదు. ఈ పేరుతో బయటికి పంపితే ఊళ్ళో మరొకరు గుమ్మం తొక్కనివ్వరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

పైకెళ్ళే ముందు సాక్ష్యం కోసం ఇంటావిడ దర్జీని అడిగింది. ఆయన తనకేం తెలియదని, మెట్ల కింద ఉండేది అమ్మాయేనని తప్పుకున్నాడు. అందరి కళ్ళూ కాజాల పిల్ల మీద పడ్డాయి. ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఆవిడ పదిమంది అని ఉండదండీ. పది అని ఉంటుంది. మొన్న నేను విన్నప్పుడు ఎన్ని కావాలంది, ఎనిమిది పిల్లలున్నాయంది."

"రెండూ ఒకటే కదే" అంది ఇస్త్రీ ఆయన భార్య. "బడి మానేసి ఇప్పుడు మాకు పాఠం చెబుతున్నావా?"

"కాదత్తా. వార్డులో పసివాళ్ళని అన్నేళ్ళు ఎత్తుకున్న మనిషి, మనుషుల పిల్లల్ని పట్టుకుని ఎన్ని కావాలి అనదు. ఎంతమంది అంటుంది."

తను విన్నదేమిటో లోలోపల మళ్ళీ విని చూసుకుంటున్నట్టు ఇస్త్రీ ఆయన భార్య పెదవులు కదిలాయి. పది పిల్లలని ఆయమ్మ అన్న మాట మంది నోట్లో పడి 'మంది' తగిలించుకుంది. ఇంటావిడ "మరి దేని పిల్లలే?" అంది. అది కాజాల పిల్లకూ తెలియదు. అందరూ మెట్లెక్కారు, ఆమె ఆఖరున.

ఆయమ్మ తలుపు తీసి, విషయం అడగకముందే వేలు పెదవుల మీద పెట్టింది. "నెమ్మదిగా. లోపల బాలింతలున్నారు."

గోడ పొడుగునా, వార్డులో మంచాలు వేసినట్టు, ప్లాస్టిక్ తొట్లు. మీద ఇనుప జల్లెడ మూతలు, లోపల రంపపు పొట్టు. ప్రతి తొట్టికీ గుడ్డ పీలిక కట్టి ఉంది: కానుపు దగ్గరపడితే ఎరుపు, పిల్లలు పెట్టేస్తే నీలం. తొట్లలో తెల్లటి చిట్టెలుకలు. ఒకదాని పొట్ట కింద చిటికెన వేలి కొసంత, గులాబి రంగులో, కళ్ళు మూసుకుని పిల్లలు.

ఇంటావిడ కేక వెయ్యబోయింది. బెదిరితే తల్లి పిల్లల్ని తినేస్తుందని ఆయమ్మ చెప్పేసరికి ఆ కేకను మింగేసింది. ఆ తర్వాత జరిగిన తగాదా అంతా గుసగుసల్లోనే. బైకాయనకు పెంపుడు జంతువుల దుకాణం ఉందట. పాముల్ని పెంచుకునేవాళ్ళు అక్కడికొస్తారు. పిల్ల పాము నోట్లో ఇంతకన్నా పెద్దది పట్టదు. ఉద్యోగం మానేశాక చేతులూరుకోక ఒక చూలి ఎలుకను తెచ్చుకుంటే, ఇదిగో, ఇంత సంసారమైంది.

పాము మాట వినగానే ఇంటావిడ మంచం కిందికి చూసింది.

"ఇక్కడ లేవండీ. నాకు పామంటే భయం" అంది ఆయమ్మ.

"మనిషి పిల్లలే నయం. నా గోడలు కొరకరు. మొన్న నా సబ్బు కొరికింది ఇవేగా?"

"మీ సబ్బు కొరికింది నల్లది. నావి గడప ఎరగవు. వాటికీ వీటికీ చుట్టరికం లేదండీ."

ముందే ఎందుకు చెప్పలేదని ఇంటావిడ నిలదీసింది. ఎలుకలని చెబితే గది ఇచ్చేవారా అని ఆయమ్మ అడిగింది. ఇంటావిడ ముక్కుతో గది నాలుగు మూలలూ వెతికింది. తడి పొట్టు వాసన తప్ప ఏమీ దొరకలేదు. నేల వార్డులోలాగే తుడిచి ఉంది. ఒక తొట్టిలో పీలికల గూటి మీద చూపు ఆగింది. "ఇది నా కర్టెన్ గుడ్డ కాదూ?"

కాజాల పిల్ల తల దించుకుంది. ఇంటావిడ కర్టెన్ కుట్టగా మిగిలిన ముక్క అది, తనే ఇచ్చింది. కర్టెన్‌లో చుట్టుకుని ఒక ఎలుక హాయిగా నిద్రపోతోంది. ఇంటావిడ దాన్ని చాలాసేపు చూసింది.

"ఒక్క ఎలుక మెట్లు దిగినా, దాని వెనకే నువ్వూ దిగాలి" అని గుసగుసగానే చెప్పి వెళ్ళిపోయింది. ఇస్త్రీ ఆయన భార్య మాత్రం ఇంకో చుట్టు చూసి, పై వాటాలో పాములున్నాయని చెప్పుకోవడానికి కుదరనందుకు కొంత చిన్నబుచ్చుకుని దిగింది.

ఇప్పుడు కాజాల పిల్లే పీలికలు పైకి పట్టుకెళ్తోంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయమ్మ తల్లి ఎలుకను పక్కకు జరిపి, మనిషి వాసన అంటకుండా చేతికి దాని పొట్టు రాసుకుని, పిల్లల్ని డబ్బాలోకి తీస్తోంది. వీటిని పాము తింటుంది కదా అని ఆ అమ్మాయి అడిగింది. "తింటుంది. గడ్డి తినమంటే వినదు" అంది ఆయమ్మ, చెయ్యి ఆపకుండా. ఆఖరికి గూటిలో ఇంకా రెండు మిగిలి ఉండగానే డబ్బాకు మూత పెట్టేసింది.

అవి మర్చిపోయిందేమోనని ఆ అమ్మాయి వేలు చూపించింది.

"అవి తల్లివి" అంది ఆయమ్మ. "అన్నీ తీసేస్తే పాలు గడ్డకడతాయి."

ఆయమ్మ పిల్లల్ని అమ్ముతుందన్నది నిజమే. కళ్ళు తెరవకముందే అమ్ముతుందన్నదీ నిజమే. ఏ తల్లి దగ్గరైనా రెండు పిల్లల్ని వదిలే తీస్తుంది.