వంకలో వదిలిన కారు

2006 మార్చిలో నేను కొన్న కారు అప్పటికే ఇద్దరి చేతులు మారింది. మంగంపేట ముగ్గురాయి గనుల్లో యంత్రాలు బిగించే పని మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు దాన్ని మొదట వాడాడు. ఆయన తన దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు, కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో నూనె మిల్లు నడిపే ఒక షావుకారు కొన్నాడు. ఆ షావుకారుకు మరింత పెద్ద బండి కావలసివచ్చి దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు, కడపలో జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పే నేను వెళ్ళి చూసి తెచ్చుకున్నాను.

అది ఐరోపాలో తయారైన డీజిలు కారు. బూడిద రంగు, పొట్టి ముక్కు, గట్టి తలుపులు. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచేది. వెనక సీటు మడిస్తే చిన్న గది అంత చోటు వచ్చేది. ఆ తలుపు మీద, నాలుగు చక్రాలూ లాగుతాయని తెలిపే చిన్న లోహపు గుర్తు ఉండేది. నేను ఆ కారును ఎంచుకున్నది ఆ గుర్తు కోసమే. నా భార్య తమ్ముడు రాయచోటికి అవతల ఒక పల్లెలో సేద్యం చేస్తాడు. ఆ ఊరికి చేరాలంటే ఒక వంక, అంటే చిన్న వాగు, దాటాలి. ఏడాదిలో పదకొండు నెలలు అది ఉత్త ఇసుక. వాన పడిన వారంలో మాత్రం ఆటోవాళ్ళు ఇవతలి గట్టునే దింపి వెనక్కి తిరుగుతారు.

ఈ సంగతి నా బావమరిదికి మొదటిసారి వివరించినప్పుడు అతను శ్రద్ధగా విని, "యా కారుకన్నా నాలుగే గదా బావా చక్రాలు?" అన్నాడు. మామూలు కార్లలో రెండు చక్రాలే లాగుతాయని, మిగిలిన రెండూ ఊరికే వెంట నడుస్తాయని చెప్పాను. "మీ ఇంట్లో మాదిరే అనుకో" అని నా భార్య వైపు చూశాడు. ఆమె ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలు, తమ్ముడి మాటలకు అంత తొందరగా నవ్వదు. కారుకు మాత్రం అతను ఆ రోజే ఒక పేరు పెట్టాడు: జెర్సీ ఆవు. చూపుకు బాగుంటుంది, మేత ఎక్కువ, మన ఎండకు పనికి రాదు అని అతని భావం.

మేత విషయంలో అతని మాట తప్పని నిరూపించడం నాకు సులువైంది. డీజిలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు రాసుకోవడం నా అలవాటు. కారుతోపాటు వచ్చిన పుస్తకంలో లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లని ఉంది. నాకు పదిహేనున్నర వచ్చేది. నడిపే పద్ధతిని బట్టి ఇంత తేడా వస్తుందని కళాశాలలో నలుగురికీ చెప్పాను. కల్లూరు షావుకారుకు రెండుసార్లు ఫోను చేసి మరీ చెప్పాను. ఆయన రెండుసార్లూ చాలా సంతోషించాడు.

ఆ రోజుల్లో బావమరిది పరిస్థితి బాగుండలేదు. వరుసగా రెండేళ్ళు వేరుశనగ ఎండిపోయింది. రెండో ఏడు కాయలు కాదు కదా, గడ్డి కూడా సరిగా రాలేదు. ఇంట్లో విత్తనం మిగలలేదు. మూడో ఏడు కూడా విత్తడం కుదరకపోతే ఎద్దుల్ని అమ్మి, భార్యను తీసుకుని బెంగుళూరులో కట్టడం పనికి పోతానని 2007 ఉగాదికి వచ్చినప్పుడు చెప్పాడు. ఆ మాట అతను బాధగా చెప్పలేదు, బస్సు వేళ చెప్పినట్లు చెప్పాడు. అందుకే నా భార్య దాన్ని నమ్మింది.

వారం తిరక్కుండా ఆమె మంచి విత్తనపు కాయలు కొని మా మేడమీది గదిలో, ఎలుకలకూ తేమకూ అందకుండా బల్లల మీద పేర్పించింది. కాయలుగా ఉన్నంతకాలం విత్తనానికి భయం లేదు. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు. మరలో వేసి ఒలిస్తే పైపొర గీసుకుపోయి కొంత మొలవదు. అందువల్ల మృగశిర కార్తె వచ్చాక వీధిలోని ఆడవాళ్ళను పిలిచి మా వరండాలో చేత్తోనే ఒలిపించింది. ఐదు బస్తాల గింజ అయింది. అతని ఐదెకరాలకు అది సరిపోతుంది.

జూన్ మూడో వారంలో ఒక తెల్లవారుజామున బావమరిది ఫోను చేశాడు. రాత్రి మంచి వాన పడిందని, పదునైందని, ఎద్దుల్ని విత్తే గొర్రుకు కట్టి ఎదురు చూస్తుంటానని చెప్పాడు. పదును అంటే విత్తడానికి సరిపడినంత తడి. మా ఎర్రనేలలో, పడమటి గాలి తోలే ఆ నెలలో, అది రెండు రోజులు నిలిస్తే గొప్ప. మూడో రోజు విత్తిన గింజ మొలిచినా మొలవవచ్చు, మట్టిలోనే చీమలకు పోవచ్చు. ఊళ్ళో ఉన్న రెండు ట్రాక్టర్లూ ఆ రోజు ఎవరి చేలో వాళ్ళకు పని చేస్తాయి తప్ప బయటికి రావు. వంక దాకా ఆటోలో తీసుకురమ్మంటావా అని అడిగాను. అవసరం లేదని, మన కారుకు నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అని అన్నాడు. ఈసారి ఎగతాళి లేకుండానే అన్నాడు.

ఐదు బస్తాలూ వెనక వేసుకుని నేనూ నా భార్యా బయలుదేరాము. పది గంటలలోపే వంక చేరాము. నీళ్ళు పారి తగ్గిపోయాయి. మధ్యలో జానెడు లోతు పారుతున్నాయి, మిగిలినదంతా తడి ఇసుక. అవతలి గట్టు మీద బావమరిది నిలబడి ఉన్నాడు. చేను అక్కడికి కూతవేటు దూరం. పుస్తకంలో చెప్పినట్లే రెండో గేరులో, ఆపకుండా, నిదానంగా దింపాను. సగం దాటాక కారు నిలిచింది. నెమ్మదిగా మళ్ళీ కదిలించబోయాను. ముందు చక్రాలు గిర్రున తిరిగి ఇసుకను తవ్వుకుని దిగబడ్డాయి. వెనక అంత బరువు ఉండడంతో ముక్కు పైకి లేచి వాటికి పట్టు లేకుండా పోయింది.

బావమరిది నీళ్ళలోకి దిగి వచ్చి, కారు చుట్టూ తిరిగి, మరొక్కసారి తోలమన్నాడు. తోలాను. అతను వెనక వంగి చూసి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బావా, ఎనక చక్రాలు నిలబడి సూస్తాండాయి గానీ లాగడం ల్యా."

అవి లాగితీరాలని నేను అన్నాను. అవసరమైనప్పుడు వాటంతటవే అందుకుంటాయని పుస్తకంలో ఉందన్నాను.

"పుస్తకం వాటికి ఎవరన్నా సదివి ఇనిపిచ్చినారా?"

అతను పడమటి దిక్కు చూశాడు. నేనూ చూశాను. ఎగువన కొండల మీద మబ్బు నల్లగా ఉంది. అక్కడ వాన పడితే వంకకు నీళ్ళు రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఎద్దుల్ని గొర్రు నుంచి విప్పి తెచ్చి కారును లాగించవచ్చు. కానీ వాటిని తేవడం, తాళ్ళు కట్టడం, ఇసుక తవ్వడం, లాగడం అన్నీ కలిస్తే ఒక పూట పోతుంది. ఇసుకలో అంత బరువు లాగిన ఎద్దులు ఆ రోజు మళ్ళీ గొర్రు లాగవు. బావమరిది ఇవన్నీ పైకి అనలేదు. నా ముఖం చూసి, "నీ కారు బావా, నువ్వు చెప్పు. ఇప్పి తెమ్మంటే తెస్తా" అన్నాడు.

ఈలోగా నా భార్య చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది.

"కారు ఈడనే ఉంటాది. పదును ఉండదు. బస్తా ఎత్తబ్బీ" అంది తమ్ముడితో.

ఇంట్లోనూ పాఠశాలలోనూ ఆమె అచ్చుపుస్తకంలా మాట్లాడుతుంది. ఆమె పుట్టినింటి మాట ఆ రోజు విన్నంత స్పష్టంగా నేను అంతకుముందు వినలేదు.

వెనక తలుపు ఎత్తాము. బావమరిది బస్తా బస్తాగా భుజాన వేసుకుని అవతలి గట్టుకు చేర్చాడు. ఒక బస్తాకు నేను ఒక పక్క పట్టాను. అయిదింటిలో ఏదీ తడవలేదు. కారుకు తాళం వేశాను. అప్పటికి అది అర్థం లేని పనే అయినా వేశాను.

ఆ రోజు సాయంత్రం వరకు, మరుసటి రోజు మధ్యాహ్నం వరకు విత్తారు. బావమరిది గొర్రు తోలితే, అతని భార్యా నా భార్యా వెనక నడుస్తూ గింజ వదిలారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమె చెయ్యి ఆ పని మరచిపోలేదు. నాకు అప్పగించిన పని గింజల గంప అందించడం. మధ్యమధ్య గట్టెక్కి వంక వైపు చూసి వచ్చేవాణ్ణి. మొదటి రోజు పొద్దుగూకేముందు ఎగువన వాన పడింది. నీళ్ళు ఎర్రగా వచ్చి కారు చక్రాల సగం దాకా ఎక్కాయి. అక్కడే ఆగాయి. నేను మూడోసారి గట్టెక్కి వస్తున్నప్పుడు బావమరిది గొర్రు ఆపకుండానే, "ఆవు తాగి అదే వస్తాది లే బావా" అన్నాడు.

ఐదెకరాలూ అయ్యాక ఎద్దులకు కడుపునిండా మేత వేసి, నీళ్ళు పెట్టి, ఒక పూట పడుకోనిచ్చాడు. ఆ తర్వాతే వాటిని వంకకు తోలుకొచ్చాడు. అవి కారును వెనక్కి లాగి ఇవతలి గట్టు ఎక్కించాయి. అప్పుడు నేను తువ్వాలు పరుచుకుని కారు కింద పడుకుని, పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూశాను. బొమ్మలో ఇంజను నుంచి వెనక చక్రాల దాకా పొడవాటి ఇనుప షాఫ్టు ఉంది. కారు కింద అది ఉండవలసిన చోట ఏమీ లేదు. రెండు చివర్లా రేకు ముక్కలు బిగించి ఉన్నాయి.

మరుసటి ఆదివారం కల్లూరు వెళ్ళాను. షావుకారు నా మాట పూర్తిగా విన్నాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన భావం కనబడలేదు, కొంత నొచ్చుకున్నట్లు మాత్రం అనిపించింది. గుమాస్తాను పిలిచి గోడౌను నుంచి ఏదో తెప్పించాడు. గోనెపట్టాలో చుట్టి, తుప్పు పట్టకుండా నూనె పూసి, పురికొసతో కట్టిన షాఫ్టు అది.

"మైలేజీ బాగొస్తాదని మెకానిక్ చెప్తే తీపిచ్చినా సార్. మన తారు రోడ్డుకు నాలుగు చక్రాలు యాల లాగల్ల? దాచిపెట్టిందేం ల్యా, ఎవరూ అడగల్యా. మీరు రెండుతూర్లు ఫోన్ చేసి మైలేజీ శానా బాగుండాదంటిరి. అది నేను చేపిచ్చినదాన్నే మెచ్చుకుంటాండారనుకుంటి."

పుస్తకం చెప్పిన దానికంటే కారు ఎక్కువ ఇస్తే కారణమేమిటో వెతకాలని పిల్లలకైతే చెప్పేవాణ్ణి. షావుకారు కాఫీ తెప్పించాడు. షాఫ్టును తనే పట్టుకుని కారు దాకా వచ్చి, వెనక సీటు మడిచి, జాగ్రత్తగా పడుకోబెట్టాడు.

కడపలో దాన్ని మళ్ళీ బిగింపజేశాను. ఆ తర్వాత లీటరుకు పద్నాలుగే వచ్చింది. నాలుగు చక్రాలూ లాగుతున్నాయని ఒక కొత్త లేఅవుటులో, బురదలో నడిపి చూసి నిర్ధారించుకున్నాను.

ఆ ఏడు పంట గొప్పగా ఏమీ కాలేదు. అమ్మింది పోను ఇంట్లో విత్తనానికి కాయలు మిగిలాయి. ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి. మరుసటి ఏడు జూన్‌లో మళ్ళీ తెల్లవారుజామున ఫోను మోగింది. పదునైందని బావమరిది చెప్పాడు. కారు సిద్ధంగా ఉందని, ఇప్పుడు నిజంగానే నాలుగు చక్రాలూ లాగుతాయని, గంటలో బయలుదేరుతామని చెప్పాను.

"యాల బావా? ఇత్తనం ఇంట్లోనే ఉండాది. అక్కను మాత్రం బస్సెక్కించు, గింజ వదిలేదానికి మనుషులు తక్కువుండారు" అన్నాడు.

ఆమె అప్పటికే సంచి సర్దుకుంటోంది.