అక్క చేతి కడియం

మా అక్క పోయింది. అక్కంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. చాన్నాళ్లు జబ్బుపడి ఉన్నాక, పోయిన నెలలో ఒక ఉదయం, మా రెండిళ్లకీ మధ్యనున్న గోడ అవతలినుంచి బావగారు "అమ్మా, ఓసారి రా, మీ అక్క పలకట్నేదు" అని పిలిచారు. ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది. నరసన్నపేటలో మా వీధివాళ్లందరూ ఆమె చేతి వంట గురించీ, ఆమె కుదిర్చిన సంబంధాల గురించీ చెప్పుకుంటున్నారు. నేను చెప్పేది వేరు. నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను. ఏదో ఒకనాడు కాదు, కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ.

నా కుళ్లంతా ఆమె కుడిచేతి కడియం మీదే. అది బావగారి నాయనమ్మది. పెళ్లిమాటలు ఇంకా మొదలవకముందే బావగారు ఆమదాలవలసలోని తన మేనమామ ఇంటికి, అంటే అక్క పుట్టింటికి, వెళ్లి, పెరట్లో గిన్నెలు తోముతున్న అక్క చేతికి, బూడిద చేతికే, దాన్ని తొడిగేశారట. పెద్దవాళ్లకి తెలిసి ఇల్లంతా గొడవ. "తియ్యమని అందరూ అరిసేరు. నాను తీసేనేటి?" అనేది అక్క. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్టే మురిసిపోయేది.

ఒకసారి దాన్ని కుంకుడురసంతో కడుగుతూ నా చేతికిచ్చింది. లోపలివైపు చిన్న ఆకు గుర్తు ఉంది. ఆ కాలంలో హాల్‌మార్కులు ఎక్కడివి? చేసిన కంసాలి తన గుర్తు తనే కొట్టేవాడు. ఆ ఆకు గుర్తువాళ్లు ఇప్పుడు ఎవరూ లేరట. "నాయినమ్మకి తాత పెట్టేడు, నాకు ఈయన పెట్టేరు" అంది. 'ఈయన' అనడమే. బావగారి పేరు ఆమె నోటితో పలికేది కాదు. రేషను షాపులో అడిగినా నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పాలి.

నాకూ బంగారం ఉంది. పుట్టింటివాళ్లు పెట్టింది, అత్తవారు పెట్టింది. నన్ను చూసి మనసుపడి ఒకరు తొడిగింది మాత్రం ఒక్కటీ లేదు. ఈ మాట ఉండబట్టలేక మా ఆయనతో అనేశాను. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది ఆయన శ్రీకాకుళం వెళ్లి, అచ్చం అలాంటి కడియమే తెచ్చారు. నా చేతికి భూతద్దం ఇచ్చి, "సూడు, హాల్‌మార్కు. తొమ్మిదొందల పదహారు. వదిన దానికి ఇదుందేటి?" అన్నారు.

"గవర్నమెంటు ముద్ర ఉంది సరే, మీ ముద్రేదీ?" అన్నాను.

పాపం, గట్టిగానే ఆలోచించారు. మర్నాడు కడియం పట్టుకెళ్లి, బజార్లో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టేవాడికిచ్చారు. లోపలంతా చుక్కల అక్షరాలు. ఆయన ఇంటిపేరు, పేరు, ఊరు. పక్కింటికి వెళ్లిన పప్పుగిన్నె తిరిగి రావడానికి కొట్టించే పేరు నా చేతికి కొట్టించారు! ఏడుపొచ్చింది. అక్కకి కనపడకుండా కొంగు కింద దాచుకుని తిరిగాను.

ఎన్నాళ్లు దాగుతుంది? కుళాయి దగ్గర చేయి పట్టుకుంది. "ఒసే, ఏటే అది? తియ్యి, సూద్దాం." తిప్పి తిప్పి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పేరంతా కొట్టించీసేడా!" అని, మళ్లీ నా చేతికి తనే తొడిగి, బిందె కూడా మర్చిపోయి లోపలికి వెళ్లిపోయింది. నా మీద జాలిపడిందనుకుని ఇంకా మండిపోయాను.

ఆ తరవాత ఆమె కడియం తీయడం నేను చూడలేదు. కుంకుడురసం కలిపి పిలిస్తే, "సెయ్యి లావెక్కిపోనాదే, రాదు" అనేది.

కుళ్లుకున్నానే గానీ ఆమె లేకుండా నాకు పొద్దు గడిచేది కాదు. నాకు జ్వరమొస్తే గోడమీంచి జావగిన్నె వచ్చేది. మా అమ్మ పోయిన రోజున నోట్లో ముద్ద పెట్టింది ఆమే. "ముందు తినీసి, అప్పుడు ఏడు" అంది. ఈ నెలంతా ఆ మాట గుర్తు చేసుకునే తింటున్నాను.

ఆఖరి స్నానానికి ముందు కడియం తీయమని నాకే చెప్పారు. జబ్బుతో చిక్కిపోయిన చేయి కదా, సబ్బు అక్కర్లేకుండానే జారి వచ్చేసింది. కొంగుతో తుడుస్తుంటే లోపల గరుకుగా తగిలింది. ఆకు గుర్తు పక్కనుంచి చుట్టూ చుక్కల అక్షరాలు. బావగారి ఇంటిపేరు, పేరు, ఊరు. అదే సామాన్లవాడి పని. నా దానిమీదలాగే ఊరి పేరు దగ్గర చోటు చాలక అక్షరాలు ఇరుక్కున్నాయి.

అంటే ఇన్నేళ్లూ నన్ను చూసి కుళ్లుకుందన్నమాట, మహాతల్లి! ఒక్కసారి నాతో అనొచ్చు కదా. ఎంత సంతోషించేదాన్ని! ఆ సంతోషం కూడా నాకు దక్కనివ్వకుండా పోయింది.

బావగారు అరుగు మీద కూర్చున్నారు. కడియం ఆయన చేతిలో పెట్టి, లోపల చూడమన్నాను. ఆయనకి ఏమీ తెలియదు. కళ్లజోడు పైకీ కిందికీ జరిపారు, గోటితో చుక్కలు తడిమారు.

"ఏటి రాసుందమ్మా? కళ్లు ఆనట్నేదు. నువ్వు సదువు."

రేషను షాపులోలాగే నేనే చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఆయన కడియం నా వైపు జరిపారు.

"ఇంకోపాలి సదువమ్మా" అన్నారు.