సింహాచలం మాస్టారి కుడి మోకాలు

సింహాచలం మాస్టారి సంస్మరణ సభలో నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. ఆయన క్లాసు మెట్లు ఒక్కసారి కూడా ఎక్కని వాళ్ళు శాలువాలు కప్పుకుని మాట్లాడారు. నేను ముందు వరుసలో చెయ్యెత్తి కూర్చుంటే, "టైము అయిపోనాది అప్పారావ్, బోజనాలు సల్లారిపోతన్నాయి" అన్నాడు గుడి కమిటీ కార్యదర్శి. అంతకుముందు ఆసుపత్రివాళ్ళు కూడా నన్ను అలాగే కూర్చోబెట్టి మరిచిపోయారు. మొన్న ఇక్కడ మలేసియాలో, కువాలా సెలంగోర్ క్లినిక్‌కి షుగరు పరీక్షకు వెళ్ళాను. నర్సు నా చేతిమీద స్పిరిట్ దూది రుద్దింది. ఆ ఘాటు వాసన, ఆ చల్లదనం తగిలేసరికి మాస్టారి మోకాలు నా కళ్ళముందుకు వచ్చింది. రక్తం తీయడం అయిపోయినా కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆయన్ని ఎన్నడూ చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసిన వాళ్ళు ఎలాగూ వినలేదు.

మాస్టారు బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టి, ఆ తోట బడిలోనే తెలుగు చెప్పారు. రబ్బరు పోయి పామాయిల్ చెట్లు వచ్చాయి, కూలీల కుటుంబాలు పట్నాలకు చేరాయి, బడి మూతపడింది. ఆయన మాత్రం గుడి పక్క హాలు మేడమీద శుక్రవారం సాయంత్రాలు అక్షరాలు దిద్దించేవారు. గ్లౌజుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న నేను, ముప్పై దాటాక, పెద్దకూతుర్ని దింపడానికి ఒకనాడు అక్కడికి వెళ్ళాను. "తలుపుకాడ నిలబడి ఏటి సూస్తావు? దోమలు లోపలికొస్తన్నాయి. రా, కూకో" అన్నారు. పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ కూర్చోవడం వల్లే.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో నాకు రావలసిన పదోన్నతి నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు. క్లాసు అయ్యాక మాస్టారి దగ్గర ఏకరువు పెట్టాను. ఆయన బల్ల తుడుస్తూ విన్నారు. మాట చివర మలాయివాళ్ళ 'లా' తగిలించడం ఇక్కడ మా అందరికీ అలవాటు, ఆయనకూ అంతే.

"ఈ ముక్క ఎవులికి సెప్పినావు?"

"అందరికీ చెప్పాను మాస్టారూ."

"అందరికీ సెప్తే ఎవులికీ సెప్పనట్టే లా. ఇచ్చినోడినే అడుగు. జవాబు రాకపోతే మల్లీ అడుగు. సిగ్గుపడాల్సింది ఆడు, నువ్వు కాదు."

అడిగాను. మళ్ళీ అడిగాను. చివరికి మేనేజరు, నేను ఎక్కువ వాదిస్తానని ఇవ్వలేదన్నాడు. పదోన్నతి రాలేదు గాని జవాబు వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అప్పటినుంచి నన్ను 'ఫిర్యాదుల అప్పారావు' అంటారని నాకు తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు.

తర్వాత మాస్టారి కుడి మోకాలు అరిగిపోయింది. ఆ మేడ మెట్లు నిటారుగా ఉంటాయి. క్లాసు కింద హాల్లో పెట్టుకోనివ్వమని కమిటీని అడిగితే, అది పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చేదన్నారు. ఇంటికి రమ్మంటే పిల్లలు రాలేదు. ఏడేళ్ళు క్లాసు లేదు. ఆ ఏడేళ్ళూ మాస్టారి భార్య పైడమ్మగారు రోజూ ఉప్పు వేయించి మూటకట్టి ఆ మోకాలికి కాపడం పెట్టారు. ఆ ఏడేళ్ళలోనే ఎదిగిన నా చిన్నకూతురు తెలుగు వింటే, "అర్థం అవుతాది లా అప్పా, చదవడం రాదు" అంటుంది. అక్క చదివితే పక్కన కూర్చుని వింటుంది.

ఒక పెద్దాసుపత్రిలో అరిగిన మోకాళ్ళకు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి మాస్టారిని తీసుకెళ్ళాను. యువ డాక్టరమ్మ మలాయిలో ఓపికగా వివరించింది. వయసైపోయిన కొన్ని కణాలు పని మానేస్తాయట, కాని చావవట. ఊరికే కూర్చోకుండా విషం చిమ్మి చుట్టుపక్కల మంచి కణాలనూ చెడగొడతాయట. ఈ మందు వాటినే వెతికి చంపుతుందని వాళ్ళ ఆశ. మాస్టారు నావైపు వంగి, "పని సెయ్యవు, సావవు, పక్కోల్లని సెడగొడతాయి. మన కమిటీ గురించే సెప్తన్నాది లా!" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ అర్థం కాకపోయినా నవ్వింది. మాస్టారు మాత్రం వెంటనే మలాయిలోకి మారి ప్రశ్న వేశారు. తోటలో ముసలి పామాయిల్ చెట్లకు కన్నం పెట్టి మందు పోస్తే అవి నిలబడే చస్తాయి, కుళ్ళిన మానులో పురుగు పెరిగి కొత్త మొక్కల్ని తింటుంది. మరి మీరు చంపిన కణాల శవాలు ఎవరు మోస్తారు? ఒంట్లోనే పాకీవాళ్ళలాంటి కణాలున్నాయి, అవి తినేస్తాయి అంది ఆమె. ఆయనకు ఆ జవాబు నచ్చింది. సరేనన్నారు.

కొందరికి మందు, కొందరికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. అంతా అయ్యాక చెప్తామన్నారు. డాక్టరమ్మ మోకాలంతా స్పిరిట్‌తో తుడిచి సూది గుచ్చుతుంటే మాస్టారు పైకప్పు చూస్తూ నా మణికట్టు పట్టుకున్నారు.

కొన్ని వారాలకు ఆయన కర్ర వదిలేశారు. ఒక శుక్రవారం గుడికొచ్చి, మెట్ల దగ్గర ఆగి, "బోలే లా" అన్నారు. ఎక్కగలనని మలాయిలో ఆ మాట. ఎక్కారు. పైకెళ్ళి, ఏడేళ్ళ దుమ్ము చూసి, "సీపురు తెండ్రా!" అని అరిచారు. క్లాసు మళ్ళీ మొదలైంది. నా చిన్నకూతురు కూడా వచ్చి, తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని 'అ' దిద్దింది.

వాళ్ళు గుణింతాల్లో ఉండగా ఆ ఫోను వచ్చింది. మాస్టారికి చెముడు, అందుకని స్పీకరు పెట్టాను. అందరం విన్నాం. "చెగూ," అంది నర్సు. గురువుగారిని మలాయిలో అలా పిలుస్తారు. "పరీక్ష ఆపేశారు. మందుకీ ఉప్పునీళ్ళకీ తేడా కనబడలేదట." మరి నాకు ఎక్కించినది ఏది అని అడిగారాయన. "తెలియదు చెగూ. కంపెనీ చెప్పాలి." మాస్టారు ఫోను నా చేతికిచ్చి, ఆ పాఠం పూర్తిచేసి, పిల్లల్ని పంపించారు. మెట్ల మొదట్లో గోడ పట్టుకుని నిలబడ్డారు.

"కాలు దిగట్లేదురా అప్పారావు."

వేళాకోళం అనుకున్నాను. ముఖం చూశాను. చెమటలు. ఒక గంట ముందు ఎక్కివచ్చిన కాలు. వాపు లేదు, బెణకలేదు. వంచబోతే అరిచారు. అంత అరుపు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. ఒక మాట చెవిలో పడితే మోకాలు బిగుసుకుపోవడం ఏమిటి? కింద కార్యదర్శి ఎదురై, "ఏటి మాస్టారూ, పల్లకీ సేవా?" అన్నాడు. సంగతి విని ఇంకా గట్టిగా నవ్వాడు. "అయితే ఇన్నాల్లూ నొప్పే నేదన్నమాట! ఉప్పునీల్లకే ఎక్కీసినారు గదా!"

మాస్టారు తల దించుకున్నారు. ఆయన తల దించడం కూడా అదే మొదటిసారి చూడటం.

మరి ఆయన ఆ మెట్లు ఎక్కలేదు. ఇంటికి వెళ్తే అదే మాట. "మందైతే నా కర్మ, నిలబళ్ళేదు. నీల్లయితే? మరి ఏడేల్లు నాను ఎందుకు కూకున్నానురా? నీ సిన్నదానికి అచ్చరం రాలేదంటే అది ఎవుడి పాపం?" పైడమ్మగారు కాపడం మూట పట్టుకుని నిలబడిపోయారు. "నొప్పి నాకు తెలీదేటి? రాత్రుల్లు మూలిగింది నా పక్కనే గదా" అన్నారు. ఆయన వినిపించుకోలేదు. కొన్ని నెలలకు గుండె ఆగి పోయారు. కడసారి వెళ్ళినప్పుడు కూడా, "ఆసుపత్రిలో అడిగినావా?" అన్నారు.

అడిగాను. ఆ డాక్టరమ్మ వేరే ఊరికి బదిలీ అయిందన్నారు. కౌంటర్లో మీరు బంధువా అన్నారు. శిష్యుణ్ణి అన్నాను. కూర్చోమన్నారు. సాయంత్రం దీపాలు ఆర్పుతూ, ఇంకా ఉన్నారా అన్నారు. మళ్ళీ వెళ్ళాను. ఒక కుర్ర డాక్టరు జాలిపడి, ఉప్పునీళ్ళతో తగ్గినా ఆ తగ్గడం నిజమే, అంతకుముందు నొప్పీ నిజమే, మందు తీసుకున్నవాళ్ళకైనా అలా మళ్ళీ బిగుసుకోవచ్చు, అది నటన కాదు అని చెప్పాడు. ఆ మాట కార్యదర్శి ముందు చెప్పమంటే నవ్వి వెళ్ళిపోయాడు. అతను చెప్పింది నమ్ముతాను. కాని నేను అడిగింది అది కాదు.

డాక్టరమ్మా, మీరెక్కడున్నా ఆయన మీకు గుర్తుండే ఉంటారు, శవాలు ఎవరు మోస్తారని అడిగిన ముసలాయన. మందు పనిచేయలేదని మీమీద నాకు కోపం లేదు. చెప్తామన్నారు, చెప్పలేదు. పైడమ్మగారికి ఇప్పుడు చూపు మందగించింది. నేను గుమ్మంలో అడుగుపెడితే అలికిడికే తల తిప్పి, "ఏటన్నారు?" అంటారు. ఇంకా ఏమీ అనలేదని నేను ఎన్నిసార్లు చెప్పను? ఆ రోజు ఆయన కుడి మోకాలిలోకి వెళ్ళింది మందా, ఉప్పునీళ్ళా? ఆమె వినగలిగి ఉండగానే చెప్పండి.