వేలంపాటకెక్కిన నవల

ఈ ఉదయం కొత్తవలస నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నవల రాద్దామనుకుంతన్నాను. ముందేటి సెయ్యాల, ఎలా రాయాల, రాసీసాక ఎలా అమ్మాల, మూడూ వాట్సాప్‌లో పెట్టీ" అంది, ఉప్మాలో నీళ్లెన్ని పొయ్యాలో కనుక్కుంటున్నట్టు. నాకు నవ్వొచ్చింది. ఆ మూడూ నాకు నేర్పిన మనిషి వాట్సాప్‌లో పట్టే మనిషి కాదు. ఆవిడ మా మేనత్త. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా రిటైరై చీపురుపల్లిలో ఉండేది. సూది గుచ్చినట్టే మాట్లాడేది, ఆ తర్వాత దూది రాసినట్టు నవ్వేది.

అప్పుడు నేను విజయనగరంలో టీచర్ని. ఇల్లు వదిలి అరకు వైపు రైలెక్కిన ఒక ఆడమనిషి కథ రాస్తున్నాను. రాస్తున్నానంటే, ఆ రైలు ప్రతి స్టేషన్లోనూ ఆగిపోయేది, ఎక్కినవాడికల్లా ఒక బాల్యం, ఒక పెళ్లి రాసేసేదాన్ని. ఆదివారం చీపురుపల్లి వెళ్లి, గుడిలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అత్త ఇంటి వసారాలో కూర్చుని చదివి వినిపిస్తే, ఆవిడ ఎండు నెత్తళ్ల చేపలకు తలలు తుంచుతూ వినేది. ఒకరోజు మధ్యలో ఆపి, "ఇంతకీ ఇది ఎక్కడ దిగుతాదే?" అంది. ఇంకా అనుకోలేదన్నాను. "అదనుకున్నాకే రా. దిగీ సోటు తెలిస్తే దారి అదే వస్తాది" అంది. ఉడుక్కుంటూ ఇంటికి పోయి ఆఖరి అధ్యాయం ముందు రాశాను. అక్కడి నుంచి నవల కదిలింది. అత్త చేతులు ఆగిపోతే ఆ పేజీ బాగున్నట్టు, కునుకు తీస్తే కొట్టెయ్యమన్నట్టు. చాలా కొట్టేశాను. ఒక్కచోట మాత్రం, ఆ మనిషి కొత్తవలస ప్లాట్‌ఫారం మీద రైలు కోసం ఊరికే కూర్చునే పేజీల దగ్గర, నాకు ప్రాణం ఒప్పలేదు. అందులో ఏమీ జరగదు. ఎప్పుడు చదివినా అత్త కునికేది. "తీసీ" అంది. చూద్దాంలే అన్నాను.

పుస్తకం అచ్చయి వచ్చింది, పెట్టెలు మంచం కిందికి చేరాయి. ఇల్లు ఊడుస్తుంటే చీపురు వాటికి తగిలినప్పుడల్లా దిగులేసేది. కొనమని అడగడం నాకు చేతకాదు. అడిగితే మొహమాటానికి కొంటారు, షోకేసులో పెడతారు. ఒక్కరంటే ఒక్కరు చదివి, నా మనిషి గురించి నాతో మాట్లాడాలి. నా ఆశంతా అదే. అత్తకి చెబితే, "కోత పండగ వస్తన్నాది కదే, పాటకెడదాం. ఊరంతటికీ తెలుస్తాది" అంది.

కోత పండుగనాడు పంటలో మొదటివి తెచ్చి గుడిలో అర్పించి, బయట పందిట్లో వేలం వేస్తారు. గుమ్మడికాయలకీ కోడిపుంజుకీ మధ్యన నా నవల కూర్చుంది. సంఘపెద్ద దాన్ని పైకెత్తి చూపించగానే పాట జోరందుకుంది. నా గుండె పొంగింది. పాడుకున్నాయన డబ్బిచ్చి, పుస్తకాన్ని కళ్లకద్దుకుని, "మల్లీ పాటకెట్టండి" అన్నాడు. తర్వాతావిడా అంతే. మా దగ్గర పాడుకున్నది ఇంటికి పట్టుకెళ్లడం చిన్నతనం. ఒక్క కోడే మధ్యాహ్నమంతా చేతులు మారి, సాయంత్రానికి పాస్టరుగారి దొడ్లోకి చేరుతుంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఈ సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు. పందిట్లో అందరూ నా నవల కొన్నారు, ఒక్కరూ పేజీ తిప్పలేదు. ఏడుపొచ్చేసింది నాకు.

అత్త లేచింది. "ఒరే, కోడిని తిరిగిచ్చినట్టు పుస్తకం తిరిగిచ్చీడమేట్రా? పాడినోల్లందరూ వరసగా సదవండి. ఇంటి ప్రార్థన ఇల్లిల్లూ తిరగదా, ఇదీ అలాగే తిరుగుతాది. ఆఖర్న నాకాడికి రావాల" అంది. ఆవిడ సూదికి భయపడని చెయ్యి ఆ పందిట్లో లేదు. అందరూ ఒప్పుకున్నారు.

అలా ఆ ఒక్క పుస్తకమే నెలల తరబడి తిరిగింది. అట్ట మీద పసుపు వేలిముద్రలు పడ్డాయి, లోపల గుర్తుకి పెట్టిన బస్ టికెట్లు మిగిలాయి. సంఘం దాటి బజార్లోకీ వెళ్లింది. ఒకరోజు కిరాణా కొట్టు శెట్టిగారు కందిపప్పు పొట్లం కడుతూ కడుతూ ఆగి, "టీచరమ్మా, ఆవిడింక ఎనక్కి రాదేటండి?" అన్నారు. ఎంత సంతోషమేసిందంటే, పొట్లం అక్కడే మరిచిపోయి వచ్చేశాను. తమ వంతు వచ్చేదాకా ఆగలేనివాళ్లు సొంతానికి కొనుక్కున్నారు. మంచం కింద నేల కనిపించింది.

చివరికి పుస్తకం అత్త చేతికొచ్చింది. నేను వెళ్లేసరికి వసారాలో ఉంది, ఒళ్లో నెత్తళ్ల చేట అలాగే ఉంది, చేతులు ఆగిపోయి ఉన్నాయి. తొంగిచూస్తే కొత్తవలస ప్లాట్‌ఫారం. గతుక్కుమన్నాను. అత్త తలెత్తలేదు. "ఉంచీసినావు కదే" అంది. పేజీ మీద చెయ్యేసి, "మంచి పనే సేసినావు. అప్పుడిది ఎప్పుడు రైలెక్కుతాదా అని నాకు తొందర. ఎక్కితే మల్లీ రాదని ఇప్పుడు తెలిసిపోనాది. అందుకే పక్కనే కూకున్నాను" అంది.

అత్త ఇప్పుడు లేదు. ఆ ప్రతి నా దగ్గరుంది. చెల్లెలి కూతురికి వాట్సాప్‌లో ఒక్కటే పెట్టాను: "ఆదివారం ఒక అధ్యాయం పట్టుకుని రా. నెత్తళ్లు తెచ్చి ఉంచుతాను." రాసిన పేజీకీ చదివే మనిషికీ వేళ కుదరడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఈలోగా దాన్ని చింపెయ్యకుండా ఉంటే చాలు.