ఫోన్ మీద గరిక

ఈ రోజు ఆస్ట్రేలియాలో సంపూర్ణ సూర్యగ్రహణం. సముద్రానికి ఇవతల, మా దీవిలోని లౌటోకాలో మాత్రం ఎండ మామూలుగానే కాసింది. ఏడో నెల కడుపుతో మంచం మీద పడుకుని ఫోన్‌లో లైవ్ చూశాను. సూర్యుడు నల్లబడగానే పక్కన చుక్కలు మెరిశాయి. అంతలో మా ఆయన నాయనమ్మ పరుగున వచ్చింది.

"బేటీ, బంద్ చెయ్! కడుపుతో చూడకూడదు."

"అది ఆస్ట్రేలియాలో, ఆజీ."

"సూర్యుడు ఒకడే కదా!"

గ్రహణమని పచ్చడి జాడీ మీద వేసిన గరిక తీసి ఫోన్ మీద పెట్టింది. పగలబడి నవ్వాను. అప్పుడు గమనించాను, రోజూ ఆ వేళకి తన్నే బిడ్డ కదల్లేదు. సాయంత్రమైనా కదల్లేదు. డాక్టర్ రమ్మన్నారు, కారులో కూర్చుని ఇది రాస్తున్నాను. గరిక నా గుప్పిట్లోనే ఉంది. మీలో ఎవరికైనా ఇలా అయ్యుంటే చెప్పండి. నవ్వాలనుకునేవాళ్లు మాత్రం బిడ్డ ఒక్కసారి తన్నాక నవ్వండి, మీతో నేనూ నవ్వుతాను.